పారామెట్రియం: కణితి లేదు

నేను పాథాలజిస్టుని. ఆపరేషన్‌లో తీసిన భాగం ఫార్మలిన్ డబ్బాలో మా ల్యాబ్‌కి వస్తుంది. దాన్ని కొలిచి, అంచులకి ఇంకు పూసి, కోసి, పల్చటి పొరలుగా స్లైడ్ల మీదికి ఎక్కించి, మైక్రోస్కోపు కింద చూసి, ఎక్కడ ఏముందో రాసివ్వడం నా పని. సర్వైకల్ క్యాన్సర్‌కి, అంటే గర్భాశయ ముఖద్వారంలో వచ్చే క్యాన్సర్‌కి, రాడికల్ హిస్టరెక్టమీ చేసి పంపినప్పుడల్లా నా రిపోర్టులో ఒక లైను తప్పకుండా ఉంటుంది. "కుడి పారామెట్రియం: కణితి లేదు. ఎడమ పారామెట్రియం: కణితి లేదు." కణితి పెద్దదైతే ఈ లైను మారొచ్చు. రెండు సెంటీమీటర్ల లోపుంటే దాదాపు మారదు. చూడకుండా రాస్తానని కాదు, ప్రతి ముక్కా చూసే రాస్తాను. కానీ ఇన్నేళ్ళుగా అదే లైను రాస్తూంటే, ఇందులో ఏమీ లేకపోతే ఇదంతా ఎందుకు తీస్తున్నట్టు అని ఎవరికైనా అనిపిస్తుంది.

పారామెట్రియం అంటే ముఖద్వారానికి అటూ ఇటూ, కటి గోడ దాకా పరుచుకుని ఉండే మెత్తటి కణజాలం. కొవ్వు, రక్తనాళాలు, లింఫ్ నాళాలు, నరాలు అందులోంచే పోతాయి. ముఖద్వారంలో పుట్టిన క్యాన్సర్ పక్కకి పాకితే ముందుగా వెళ్ళే చోట్లలో అదొకటి. మామూలు హిస్టరెక్టమీలో గర్భసంచినీ ముఖద్వారాన్నీ తీస్తారు. రాడికల్‌లో వాటితోపాటు రెండు పక్కలా పారామెట్రియం, వెనక వెన్ను వైపు పోయే లిగమెంట్లలో కొంత, యోని పైభాగంలో కొంత కూడా తీస్తారు. అంటే క్యాన్సర్ కనబడిన చోటుతో ఆగకుండా, అది వెళ్ళి ఉండొచ్చు అనుకున్న చోటు కూడా.

ఆ ఆలోచనకి కారణం లేకపోలేదు. 1898లో వియన్నాలో ఎర్న్‌స్ట్ వెర్ట్‌హైమ్ ఈ ఆపరేషన్ మొదలుపెట్టినప్పుడు పాప్ స్మియర్ లేదు, ఎమ్మారై లేదు, యాంటీబయాటిక్స్ లేవు. రక్తస్రావం మొదలయ్యాక, చాలాసార్లు అది బాగా ముదిరాక, డాక్టరు దగ్గరికి వచ్చిన ఆడవాళ్ళే ఆయన పేషెంట్లు. వాళ్ళ కణితులకి అంత దూరం కొయ్యక తప్పలేదు. ఆపరేషన్ వల్లే పోయినవాళ్ళు కూడా ఆ రోజుల్లో తక్కువేం కాదు. 1940ల్లో బోస్టన్‌లో జో మెగ్స్ దానికి కటిలోని లింఫ్ గ్రంథుల్ని పూర్తిగా తియ్యడం జోడించాడు. 1974లో పైవర్, రట్లెడ్జ్, స్మిత్ ముగ్గురూ కలిసి ఎంత తీస్తే ఏ తరగతి అని ఐదు తరగతులు చేశారు. 2008లో కెర్లూ, మారో దాన్ని ఏ, బీ, సీ, డీ అని నాలుగు రకాలుగా తిరగరాశారు. ఈలోపు స్క్రీనింగ్ వచ్చింది. ఏ లక్షణమూ లేకుండా, సెంటీమీటరు కూడా లేని కణితులు దొరకడం మొదలైంది. జబ్బు చిన్నదైపోయింది గానీ ఆపరేషన్ మాత్రం చాలాకాలం అలాగే ఉండిపోయింది. చిక్కంతా ఇక్కడే ఉందని నా ఉద్దేశం.

దీనికి పేషెంట్ ఏం చెల్లిస్తుందో మా ల్యాబ్‌లో కూచుంటే తెలియదు. మా దగ్గర టెక్నీషియన్‌గా చేసే ఒకావిడ చాలా ఏళ్ళ కిందట రాడికల్ చేయించుకుంది. క్యాన్సర్ మళ్ళీ రాలేదు, హాయిగా ఉంది. కానీ ఆవిడ ఫోన్‌లో మూడు గంటలకోసారి అలారం మోగుతుంది. మోగగానే పని ఆపి బాత్‌రూంకి వెళ్తుంది. మూత్రం నిండిన సంగతి ఆవిడకి తెలియదు, ఆ స్పర్శ పోయింది. కొత్తగా చేరినవాళ్ళు ఏదో మందుల అలారం అనుకుంటారు, ఆవిడా అలాగే అనుకోనిస్తుంది.

ఎందుకలా అవుతుందో చెప్పాలంటే మళ్ళీ పారామెట్రియం దగ్గరికే రావాలి. కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే గొట్టం, యురేటర్, ముఖద్వారానికి సుమారు రెండు సెంటీమీటర్ల పక్కనుంచి గర్భాశయ ధమని కిందుగా పోతుంది. అనాటమీ క్లాసులో దీన్ని "వంతెన కింద నీళ్ళు" అని చెప్పి మరీ గుర్తుపెట్టిస్తారు. రాడికల్ చెయ్యాలంటే ఆ వంతెనని తెంపి, యురేటర్‌ని చుట్టూ ఉన్న కణజాలం నుంచి విడదీసి పక్కకి జరపాలి. అది దెబ్బ తినొచ్చు, తర్వాత లీకవ్వొచ్చు. ఇక నరాలు. మూత్రాశయానికీ, మలద్వారం వైపుకీ, యోనికీ వెళ్ళే సన్నటి నరాల అల్లిక ఆ లిగమెంట్లలోనూ పారామెట్రియంలోనూ ఉంటుంది. ఎంత వెడల్పుగా కోస్తే అన్ని నరాలు పోతాయి. మూత్రాశయం నిండినట్టు తెలియకపోవడం, పూర్తిగా ఖాళీ అవ్వకపోవడం, దగ్గితే చుక్కలు పడటం, తీరని మలబద్ధకం, కలయికలో నొప్పి, పొడిబారడం. ఇవన్నీ డాక్టరు అడిగితే తప్ప ఎవరూ చెప్పరు, అడిగినా సగమే చెబుతారు. నరాల్ని విడిగా గుర్తుపట్టి వదిలేసే పద్ధతిని జపాన్ సర్జన్లు చాలా ముందే ఆలోచించారు. ఇప్పుడు చాలాచోట్ల అలాగే చేస్తున్నారు. దాంతో నష్టం తగ్గుతుంది, పూర్తిగా పోదు.

మా ఆడపడుచుకి ఈ జబ్బు బయటపడింది తన 41వ ఏట, మామూలు స్క్రీనింగ్‌లో. ఫోన్ చేసి చెప్పినప్పుడు తన గొంతులో భయం కంటే విసుగు ఎక్కువ వినిపించింది.

"వదినా, ఒకాయనేమో గర్భసంచి తీస్తే చాలంటారు. ఇంకొకాయన రాడికల్ చేయించుకుంటేనే నిశ్చింత అంటారు. మా అత్తగారైతే వచ్చింది క్యాన్సర్ కదా, ఉన్నదంతా తీయించేసుకో అంటోంది. నేనెవరి మాట వినను?"

"ముందు నీ బయాప్సీ రిపోర్టు ఫొటో తీసి పంపు" అన్నాను.

పంపింది. రెండు లైన్లు. ఇన్వేసివ్ స్క్వామస్ సెల్ కార్సినోమా, మోడరేట్లీ డిఫరెన్షియేటెడ్. అంటే ముఖద్వారం పైపొర కణాల్లో పుట్టి లోపలికి దిగిన క్యాన్సర్, మధ్యరకం గ్రేడ్. అంతే. అది పంచ్ బయాప్సీ. ముఖద్వారం మీద అనుమానంగా ఉన్నచోట గిల్లినట్టు తీసిన చిన్న ముక్క. క్యాన్సర్ ఉందా లేదా అన్నదానికి అది జవాబు చెబుతుంది. ఎంత వెడల్పు, ఎంత లోతు అన్నదానికి చెప్పలేదు, ఎందుకంటే కణితి ఆ ముక్క అడుగు దాటి ఇంకా కిందికి ఉండొచ్చు. ఇద్దరు సర్జన్లూ తలో మాట చెప్పింది ఈ కాగితం చూసి. ఆ రిపోర్టు రాసిన ల్యాబ్‌ని కూడా నేను తప్పు పట్టను గానీ, "లోతు ఈ ముక్కలో చెప్పలేం" అని ఒక్క వాక్యం చేర్చి ఉంటే బాగుండేది. నాకైతే కోపమే వచ్చింది. పైకి మాత్రం "నువ్వు ఎవరి మాటా వినక్కర్లేదు, ముందు కొలవనీ" అన్నాను.

కొలవడం అంటే తనకి జరిగింది ఇది. ముందు ఎమ్మారై తీశారు. ఈ క్రమం ముఖ్యం. కోసిన తర్వాత వెంటనే ఎమ్మారై తీస్తే ఆ వాపుని చూసి కణితి అనుకునే ప్రమాదం ఉంది. తర్వాత కోన్ బయాప్సీ, అంటే ముఖద్వారం మధ్యభాగాన్ని శంకు ఆకారంలో ఒకే ముక్కగా తియ్యడం. ఒకే ముక్కగా అని నొక్కి చెప్తున్నాను. నాలుగైదు తునకలుగా పంపితే ఏది పైన, ఏది కింద, ఏది అసలు అంచు అని మేం తలపట్టుకుంటాం. అప్పుడు కొలతలన్నీ అంచనాలే అవుతాయి.

ఆ ముక్క మా టేబుల్ మీదికి వచ్చాక దాన్ని గడియారం ముఖంలా అనుకుని పన్నెండు గంటల స్థానం ఎక్కడో చూస్తాం. సర్జన్ అక్కడ ఒక కుట్టు వేసి పంపుతారు. స్లైడ్ మీద అసలు అంచు ఏదో తెలియడానికి అంచులకి ఇంకు పూస్తాం. తర్వాత రెండు మూడు మిల్లీమీటర్ల మందంతో వరసగా కోసి, మొత్తం ముక్కని స్లైడ్లకి పెడతాం, ఏదీ మిగల్చం. లోతు కొలిచేది కణితి పైతలం నుంచి కాదు. ఏ పొర నుంచి క్యాన్సర్ కిందికి దిగిందో ఆ పొర అడుగు నుంచి, లోపల చిట్టచివరి క్యాన్సర్ కణం దాకా. పైకి పుట్టగొడుగులా పెరిగిన భాగం లోతులోకి లెక్కకి రాదు. స్లైడ్ కొంచెం ఏటవాలుగా తెగితే నాలుగు మిల్లీమీటర్లు ఆరుగా కనబడుతుంది. వెడల్పుకి కూడా ఒక్క స్లైడులో కనబడిన గీత చాలదు. కణితి ఎన్ని ముక్కల్లో వరసగా ఉందో చూసి, ముక్క మందంతో లెక్కవేసి, అడ్డంగా ఎంత ఉందో కూడా చూడాలి. చాలామంది ఈ మూడో కొలత మర్చిపోతారు. ఆపైన లింఫ్ నాళాల్లో క్యాన్సర్ కణాలున్నాయా అన్నది. ఫార్మలిన్‌లో కణజాలం ముడుచుకుపోయి కణితి చుట్టూ ఖాళీ ఏర్పడితే అది నాళంలాగే కనబడుతుంది. అనుమానం వస్తే నాళాల గోడల్ని చూపించే ప్రత్యేక స్టెయిన్లు వేసి తేల్చుకుంటాం.

సొంత మనిషి స్లైడ్లకి నేను రిపోర్టు ఇవ్వకూడదు, ఇవ్వలేదు. మా సీనియర్ చూశారు, నేను పక్కన కూచున్నాను. వెడల్పు 12 మిల్లీమీటర్లు, లోతు 6 మిల్లీమీటర్లు. లింఫ్ నాళాల్లో ఏమీ లేదు. అంచుల్లో కణితి లేదు. ఎమ్మారైలో ముఖద్వారపు గోడ మందంలో సగం కూడా దాటలేదు.

2018లో అంతర్జాతీయ గైనకాలజీ సంస్థ ఫీగో సవరించిన స్టేజీల ప్రకారం, లోతు 3 మిల్లీమీటర్ల దాకా ఉంటే వన్ ఏ వన్, 3 దాటి 5 దాకా వన్ ఏ టూ. 5 మిల్లీమీటర్లు దాటి, సైజు 2 సెంటీమీటర్ల లోపుంటే వన్ బీ వన్. 2 నుంచి 4 వన్ బీ టూ, ఆ పైన వన్ బీ త్రీ. మొదటి రకానికి, లింఫ్ నాళాల్లో ఏమీ లేకపోతే, కోన్‌తోనో మామూలు హిస్టరెక్టమీతోనో సరిపెట్టడం ఎప్పటినుంచో ఉన్నదే. అక్కడ పేచీ లేదు. పేచీ అంతా వన్ ఏ టూ, వన్ బీ వన్‌ల దగ్గర. మా ఆడపడుచుది వన్ బీ వన్.

పేచీ ఎంతకాలం నుంచి ఉందంటే, 2002లోనే కెనడాలో అలన్ కోవెన్స్ బృందం తమ దగ్గర రాడికల్ చేసిన కేసుల్ని వెనక్కి తిరిగి చూసింది. కణితి 2 సెంటీమీటర్ల లోపు, లోతు 10 మిల్లీమీటర్ల లోపు, గ్రంథుల్లో ఏమీ లేని 536 మందిలో పారామెట్రియంలో క్యాన్సర్ ఉన్నది 0.6 శాతానికే. నేను రాసే ఆ లైనే, దాదాపు అన్ని రిపోర్టుల్లోనూ. కానీ ఇలా పాత కేసులు తవ్వి చూసిన లెక్కతో సర్జన్ చేతిని ఆపడం కష్టం. "వీళ్ళకి తీశారు కాబట్టే బాగున్నారేమో" అంటే జవాబుండదు. రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకి తీసి, ఒక గుంపుకి తియ్యకుండా వదిలేసి చూస్తేనే తేలుతుంది.

ఆ పని చేసింది షేప్ ట్రయల్. కెనడా క్యాన్సర్ ట్రయల్స్ గ్రూప్ తరఫున మరీ ప్లాంట్ నడిపించారు. 12 దేశాల్లో, 2012 నుంచి 2019 దాకా 700 మందిని చేర్చుకుని, సగం మందికి రాడికల్, సగం మందికి సింపుల్, అంటే మామూలు, హిస్టరెక్టమీ చేశారు. లింఫ్ గ్రంథుల పరీక్ష రెండు గుంపులకీ ఉంది. ఫలితాలు 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. మూడేళ్ళలో కటిభాగంలో క్యాన్సర్ తిరగబెట్టింది రాడికల్ వాళ్ళలో 2.17 శాతానికి, సింపుల్ వాళ్ళలో 2.52 శాతానికి.

"అంటే తేడా ఉన్నట్టా, లేనట్టా?" అంది మా ఆడపడుచు. తను అకౌంట్స్ మనిషి, పాయింట్ల దగ్గర వదలదు.

"వందమందిలో ఒకరికి కూడా తేడా లేదు. సున్నా పాయింట్ మూడు అయిదు."

"అది లెక్కలో తేలింది. నిజానికి ఇంకా ఎక్కువుండొచ్చు కదా?"

మంచి ప్రశ్న వేసింది. ఈ ట్రయల్ మొదలుపెట్టేటప్పుడే "తేడా నాలుగు శాతం లోపుంటే సింపుల్ కూడా రాడికల్‌కి తీసిపోనట్టే" అని గీత గీసుకున్నారు. నా మటుకు నాకు ఆ గీత కాస్త ఉదారంగానే అనిపిస్తుంది. రెండు శాతం దగ్గర ఉన్నదానికి ఇంకో నాలుగు కలిపితే మూడింతలు. కానీ వచ్చిన ఫలితంలో అనిశ్చితిని కలుపుకున్నా పైహద్దు 2.32 దగ్గరే ఆగింది, నాలుగు దాకా పోలేదు. అదే చెప్పాను తనకి. ఆ గీత మీద నాకున్న శంక కూడా చెప్పాను. ఒప్పుకుంది.

అవతలి పళ్ళెంలో ఏముందో కూడా చూడాలి కదా. ఆపరేషన్ అయిన నాలుగు వారాల తర్వాత కూడా మూత్రం పూర్తిగా రాకపోవడం రాడికల్ వాళ్ళలో 9.9 శాతానికి ఉంటే, సింపుల్ వాళ్ళలో 0.6 శాతానికి. మూత్రం ఆపుకోలేకపోవడం 11 శాతానికి, 4.7 శాతానికి. నొప్పి, లైంగిక జీవితం గురించి అడిగిన ప్రశ్నలకి కూడా సింపుల్ వాళ్ళ జవాబులే మెరుగ్గా ఉన్నాయి. నాకు మా టెక్నీషియన్ ఫోన్ గుర్తొచ్చింది. ఆవిడ గురించి మా ఆడపడుచుకి చెప్పలేదు, అది చెప్పాల్సింది ఆవిడే.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. షేప్ ఫలితం వచ్చాక చాలామంది "తొలిదశ సర్వైకల్ క్యాన్సర్‌కి చిన్న ఆపరేషన్ చాలు" అని ఒక్క ముక్కలో చెప్పేస్తున్నారు. ఆ ఒక్క ముక్క ప్రమాదం. ఆ ట్రయల్లోకి తీసుకున్నది తొలిదశలో ఉన్న అందర్నీ కాదు. కణితి 2 సెంటీమీటర్ల లోపుండాలి. కోన్‌లో లోతు 10 మిల్లీమీటర్ల లోపుండాలి, లేదా ఎమ్మారైలో గోడ మందంలో సగం దాటకూడదు. స్క్వామస్, జిగురు స్రవించే కణాల్లో పుట్టే అడినో, రెండూ కలిసిన అడినోస్క్వామస్ రకాలే అయ్యుండాలి. చిన్న కణాల న్యూరోఎండోక్రైన్ రకం ఉంది, అది ఎంత బుల్లిదైనా దాని నడత వేరు, ఈ లెక్కల్లోకి రాదు. తక్కువ కొయ్యడానికి ముందు ఎక్కువ కొలవాలి. కొలవకుండా తక్కువ కోస్తే అది షేప్ కాదు, అదృష్టం మీద భారం వెయ్యడం.

నేను చిన్న కణితికి ఆ లైను మార్చి రాసిన సందర్భం ఒకటుంది. పరీక్షలో బయటికి కనబడింది సెంటీమీటరున్నర. అడినోకార్సినోమా. అది పైకి పెరగకుండా లోపలికి, గోడలోకి దిగింది. లోతు 13 మిల్లీమీటర్లు. సర్జన్ ఎమ్మారై చూసి ముందే అనుమానించి రాడికల్ చేశారు. ఎడమ పారామెట్రియంలో ఒక సన్నటి నాళంలో క్యాన్సర్ కణాల గుంపు కనబడింది. వేలితో తడిమితే తెలిసేది కాదు, కంటికి ఆనేదీ కాదు. అలాంటి మనిషికి ఎవరో పైపైన సైజు చూసి "రెండు లోపే కదా" అనేస్తే?

రెండు నుంచి నాలుగు సెంటీమీటర్ల కణితుల సంగతి వేరే. అక్కడ రాడికల్ ఇంకా రాడికలే. దానికి తోడు, ఆపరేషన్ చెయ్యాలా రేడియేషన్ ఇవ్వాలా అన్నది కూడా ముందే కూచుని ఆలోచించాలి. 1997లో ఇటలీలో లాండోనీ బృందం ఈ రెంటినీ పోల్చింది. ఐదేళ్ళు బతికినవాళ్ళు రెండు వైపులా 83 శాతమే. కానీ ఆపరేషన్ అయినవాళ్ళలో సగం మందికి పైగా మా పాథాలజీ రిపోర్టు చూశాక మళ్ళీ రేడియేషన్ కూడా ఇవ్వాల్సొచ్చింది. రెండు వైద్యాల బాధలూ ఒకే ఒంటి మీద. తీవ్రమైన సమస్యలు ఆపరేషన్ గుంపులో 28 శాతానికి, రేడియేషన్ గుంపులో 12 శాతానికి. అందుకే, రేడియేషన్ ఎలాగూ తప్పదని ముందే తెలుస్తూంటే పెద్ద కోత అనవసరం.

ఇంకో గందరగోళం ఉంది. మా ఆడపడుచు కూడా మొదట దీన్లోనే పడింది. "చిన్న ఆపరేషన్ అంటే ఆ రంధ్రాలు పెట్టి చేసేదేగా?" అంది. కాదు. కడుపు మీద గాటు ఎంత అన్నది ఒకటి, లోపల ఎంత తీస్తారన్నది ఇంకొకటి. ఈ రెండూ కలిపేసుకుంటే కొంప మునుగుతుంది. 2018లో పెడ్రో రమిరెజ్ నేతృత్వంలో ల్యాక్ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. రాడికల్ హిస్టరెక్టమీనే, కడుపు కోసి చేస్తే ఎలా ఉంది, లాప్రోస్కోపీతోనో రోబోతోనో చేస్తే ఎలా ఉంది అని 631 మందిలో చూశారు. రెండూ ఒకటేనని తేలుతుందని అందరూ అనుకున్నారు. తేలింది వేరు. నాలుగున్నరేళ్ళకి జబ్బు లేకుండా ఉన్నది కోసి చేసినవాళ్ళలో 96.5 శాతం, రంధ్రాలతో చేసినవాళ్ళలో 86 శాతం. గర్భసంచిని కదిలించడానికి లోపల పెట్టే పరికరం కణితిని రాపాడించడం వల్లనో, కడుపులోకి గ్యాస్ ఎక్కించడం వల్లనో కణాలు చెదిరి ఉంటాయని రకరకాలుగా అన్నారు. షేప్‌లో ఎక్కువమందికి రంధ్రాలతోనే చేశారు, చిన్న కణితులు కాబట్టేమో అక్కడ అంత తేడా బయటపడలేదు. కోన్‌లో కణితి మొత్తం వచ్చేసినవాళ్ళ సంగతి వేరు గానీ, కణితి ఇంకా లోపల కూచుని ఉంటే మాత్రం గాటు చిన్నదని మురిసిపోవద్దని నేనంటాను. ఏ దారిన వెళ్తున్నారు, ఎందుకు అని సర్జన్‌ని మొహమాటం లేకుండా అడగాలి.

గ్రంథుల సంగతి కూడా ఇలాగే తగ్గుతూ వస్తోంది. మునుపు కటిలోని గ్రంథులన్నీ తీసేవారు. కాళ్ళు వాచిపోయి జీవితాంతం బాధపడినవాళ్ళున్నారు. ఇప్పుడు ముఖద్వారంలోకి ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగు ఎక్కించి, ప్రత్యేక కెమెరా కింద మొదట మెరిసే గ్రంథుల్ని, వాటినే సెంటినెల్ గ్రంథులంటారు, తీసి మాకు పంపుతారు. మేం వాటిని పల్చగా, ఎన్నో మట్టాల్లో కోసి, క్యాన్సర్ కణాల్ని పట్టిచ్చే కెరాటిన్ స్టెయిన్ వేసి వెతుకుతాం. ఆపరేషన్ మధ్యలోనే గ్రంథిలో క్యాన్సర్ ఉందని మేం ఫోన్ చేసి చెబితే, చాలామంది సర్జన్లు గర్భసంచి తియ్యకుండానే ఆపేసి కీమోతో కూడిన రేడియేషన్‌కి పంపుతారు. అందుకే గ్రంథులు ముందు, గర్భసంచి తర్వాత.

పిల్లలు కావాలనుకునేవాళ్ళకి దారి ఉంది. 1987లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో డానియల్ డార్జాన్ ముఖద్వారాన్నీ దాని పక్కల కణజాలాన్నీ తీసి గర్భసంచిని ఉంచే ట్రాకెలెక్టమీ చేశాడు. ఇప్పుడు బాగా చిన్న కణితులకి కోన్, గ్రంథుల పరీక్షతోనే ఆపుతున్నారు. మా ఆడపడుచుకి ఇద్దరు పిల్లలు, ఆ ప్రశ్న రాలేదు. అండాశయాలు మాత్రం ఉంచమని గట్టిగా అడగమన్నాను. స్క్వామస్ రకం తొలిదశలో అండాశయాలకి పాకడం చాలా అరుదు. 41 ఏళ్ళకి ఊరికే మెనోపాజ్ తెచ్చిపెట్టుకోవడం ఎందుకు? అత్తగారి "ఉన్నదంతా"లో అవి కూడా ఉన్నాయి మరి.

తనకి సింపుల్ హిస్టరెక్టమీ, సెంటినెల్ గ్రంథుల పరీక్ష చేశారు. రాడికల్ చేయించుకోమన్న రెండో సర్జన్ దగ్గరే, కోన్ రిపోర్టు చూపించాక. ఆయన అది చూసి, "ఇది ముందే ఉంటే నేనూ ఇదే చెప్పేవాణ్ణి" అన్నారట. నేనాయన మాట నమ్ముతాను. మూత్రం గొట్టం, కాథెటర్, మర్నాడే తీసేశారు. రిపోర్టు వచ్చింది: మిగిలిన ముఖద్వారంలో కణితి లేదు, గ్రంథుల్లో లేదు.

దాంతో తనకి ఇంకో సందేహం. "ఏమీ మిగలనప్పుడు తీసిందెందుకు వదినా? కోన్‌తో అయిపోయిందిగా?"

అలా అడిగినవాళ్ళు ఉన్నారు, దాన్ని పరీక్షించినవాళ్ళూ ఉన్నారు. 2021లో వచ్చిన కాన్‌సర్వ్ అధ్యయనంలో 100 మందిని తీసుకున్నారు. కణితి 2 సెంటీమీటర్ల లోపు, లింఫ్ నాళాల్లో ఏమీ లేనివాళ్ళు. కొందరికి కోన్, గ్రంథుల పరీక్షతోనే ఆపేశారు, కొందరికి సింపుల్ హిస్టరెక్టమీ చేశారు. రెండేళ్ళలో మొత్తం మీద తిరగబెట్టింది 3.5 శాతానికి. కోన్‌తో ఆగినవాళ్ళు ఎక్కువగా పిల్లలు కావాలనుకున్నవాళ్ళే. మిగతావాళ్ళకి గర్భసంచి తియ్యడమే ఇప్పటికీ ఆనవాయితీ, ఇంకా పెద్ద అధ్యయనాలు జరిగితే అది కూడా మారొచ్చు. ఇలాగే చెప్పాను. తనకి పూర్తిగా నచ్చలేదు గానీ ఊరుకుంది.

ఆ అధ్యయనంలో నన్ను పట్టుకున్నది వేరే అంకె. ఆ వందమందిలో 16 మందికి ముందు క్యాన్సర్ ఉందని తెలియకుండానే, ఇంకేదో కారణానికి సింపుల్ హిస్టరెక్టమీ చేసేశారు. క్యాన్సర్ సంగతి తర్వాత పాథాలజీలో తెలిసింది. వాళ్ళలో ఇద్దరికి తిరగబెట్టింది. అంకె చిన్నది, దాని మీద మేడలు కట్టకూడదు. అయినా ఒకటి గమనించండి. కొలిచి చేసినవాళ్ళకీ, తెలియక చేసినవాళ్ళకీ తీసిన భాగం ఒక్కటే.

ఫైబ్రాయిడ్స్ అనో, నెలసరి ఎక్కువవుతోందనో గర్భసంచి తీయించుకోబోతున్నవాళ్ళు ముందు ముఖద్వారం పరీక్ష అయిందా అని అడగండి. పాప్ స్మియరో, హెచ్‌పీవీ పరీక్షో, రెండు నిమిషాల పని. మా ల్యాబ్‌లో పైన "ఫైబ్రాయిడ్" అని రాసి వచ్చిన డబ్బాల్లోంచి కూడా ముఖద్వారం ముక్కలు తప్పకుండా తీసి చూస్తాం. అప్పుడప్పుడు ఒకటి దొరుకుతుంది. అలా దొరికిన రోజు రిపోర్టు టైపయ్యేదాకా ఆగకుండా సర్జన్‌కి ఫోన్ చేస్తాను. "లోతెంత, అంచుల్లో ఉందా?" అని ఆయన అడుగుతారు. అంచుకి ఇంకు పూసి ఉంటే జవాబు చెప్పగలను. ఎవరో అవతల డబ్బాలోకి పట్టడానికని గర్భసంచిని నాలుగు ముక్కలు చేసి పంపి ఉంటే చెప్పలేను.